రెండో కోడి ఎవరిది?

జోయిలి
మార్చి 4, 1997

నపారి అన్నకు సనాతు రాసేది.

లారీ ఇద్రిసు రేపు అక్రా బయలుదేరుతున్నాడు. పోస్టు కన్నా వాడే నయమని ఈ ఉత్తరం వాడి చేతికిస్తున్నాను. షియా గింజల వెన్న డబ్బా కూడా వస్తుంది. అసీబి అత్త నీ కోసమని విడిగా తీసి పెట్టింది.

నీ "పుట్ట కింది ముసలమ్మ" రేడియోలో వచ్చింది. నాలుగు శుక్రవారాలు చదివారు. మొదటి వారం మా వాకిట్లో వేపచెట్టు కింద ఊరు ఊరంతా చేరింది. చెదపుట్టకు తలుపు ఉంటుందట, లోపల ఏనాడో చచ్చిన రాజులు జీనుల మీద కూర్చుని నోటినిండా మట్టితో ఆకలి ఆకలి అంటుంటారట. ముసలమ్మ మిట్టమధ్యాహ్నం ఎర్రగుడ్డ చుట్టిన లాంతరు పట్టుకుని వెళ్ళి, పిల్లల ఊపిరిని సొరబుర్రలో పోసి వాళ్ళకు తాగిస్తుందట. పిల్లలు తల్లుల ఒళ్ళో దూరారు. పక్కింటి జెనాబు లేచి, "ఈ ముసల్ది మా అత్తగారేనే! పేరొక్కటి మార్చాడు మీ అన్న!" అంది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది అసీబి అత్తే. "ఆ చచ్చిన రాజుల సంగతి వాడికి చెప్పింది నేనేగా! నా దగ్గర నేర్చి నాకే వినిపిస్తున్నాడు, దొంగ సచ్చినోడు!" అంది.

మూడో వారం ఎవరూ నవ్వలేదు. ముసలమ్మ ఎడమ చేతి మీద మోచేయి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ ఉందని రేడియోలో చదివారు. తినబోయే ముందు తలుపేసుకుని, మూడు చిన్న ముద్దలు తీసి నేల మీద పెట్టి చచ్చినవాళ్ళ పేర్లు పిలుస్తుందని చదివారు. తలకాయలన్నీ ఒక్కసారి అత్త వైపు తిరిగాయి. ఆమె మెల్లగా చెయ్యి పైటకింద పెట్టుకుంది.

మూడో వారానికీ నాలుగో వారానికీ మధ్య నా బిడ్డ వుంపిని పోయింది. నీకు కబురు అందే ఉంటుంది. జ్వరం వచ్చిన మూడో రోజుకల్లా మెడ కొయ్యబారిపోయి, తల వెనక్కి వంగిపోయింది. దానికి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. మా వీధిలోనే మరో ఇద్దరు అలాగే పోయారు. తర్వాతి శుక్రవారం నీ కథ చివరి భాగం విన్నాను. ఊపిరి పోయిన పిల్ల తల వెనక్కి తిప్పి పుట్ట వైపే చూస్తూ చచ్చిపోయిందని రాశావు. అది విని నేను లోపలికి వెళ్ళిపోయాను. కాని నీ గొంతు లోపలికి కూడా వినబడింది. ఇవన్నీ కల్పించారా అని రేడియో అతను అడిగితే, "కల్పన ఏముందండీ, చిన్నప్పుడు మా ఇంట్లో కళ్ళారా చూసినవే" అన్నావు.

నన్ను మూడేళ్ళప్పుడు మేనత్త చేతిలో పెట్టారు. ఆ కాలిన చేతి పక్కనే పడుకుని పెరిగాను. నేను చూడనిది నువ్వేం చూశావు? అవునో కాదో ఒక్క మాటలో రాయి. నాకు కథలు వద్దు.

సనాతు


నీమా, అక్రా
మార్చి 15

చెల్లీ సనాతూ,

వుంపిని కబురు ఇద్రిసు నోటనే విన్నాను. ప్రెస్సులో కూర్చుని అచ్చుతప్పులు దిద్దుతూ ఏడ్చాను. ఎవరి పాఠ్యపుస్తకం పాడుచేశానో కూడా తెలియదు. దాన్ని ఒక్కసారే ఎత్తుకున్నాను, నా కళ్ళజోడు లాగి నోట్లో పెట్టుకుంది. సెలవు దొరికితే వచ్చేవాణ్ణి.

ఆ జబ్బు ఎండాకాలంలో మన వైపు రావడం కొత్త కాదు. నీకు టీకాల వాళ్ళ బండి ఎక్కడ ఆగుతుందో తెలిసే ఉంటుంది. మిగతా పిల్లలందరినీ పంపమని జెనాబుకు కూడా చెప్పు.

ఇక నీ ప్రశ్న. నువ్వు ఊరికే అడిగావా, ఎవరైనా అడిగించారా? నీ ఉత్తరం చదువుతుంటే నాకు పోలీసు ఠాణాలో నిలబడ్డట్టుంది. ఈ చెవులు కొరుక్కునేది ఎవరు? ముందు వాళ్ళ పేర్లు రాయి.

కథ రాసేవాణ్ణి అవునా కాదా అని అడిగితే ఏం చెప్పను? నిజం లేకుండా కథ పుట్టదు. ఆ నిజానికే నేను వేరే బట్టలు కట్టాను, అంతే. అత్త చెప్పిన రాజులు ఉన్నారు, మన ఇల్లు ఉంది, మన భయాలు ఉన్నాయి. అందుకే ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి విన్నది. ఇంకో మాట, నీ దగ్గరే ఉంచుకో. బడి పిల్లల పుస్తకంగా దీన్ని తీసుకోవాలా అని ఇక్కడ ఒక సంఘం ఆలోచిస్తోంది. "ఇది మీ వాళ్ళ అసలైన నమ్మకం, అందుకే మాకు నచ్చింది" అన్నారు. కాబట్టి మా అన్న అంతా అల్లి చెప్పాడని ఊళ్ళో చాటింపు వెయ్యకు తల్లీ.

అత్తకు వెన్న అందిందని చెప్పు. కాళ్ళకు రాసుకుంటున్నాను.

మీ అన్న
నపారి


జోయిలి
ఏప్రిల్ 2

నపారి అన్నకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఒక్క మాట కోసం వెతికాను.

ఇక్కడి సంగతులు. అసీబి అత్త ఇప్పుడు కుర్గుండిలో ఉంది. మంత్రగత్తెలని ఊళ్ళు వెళ్ళగొట్టిన ఆడవాళ్ళు ఉండే ఆ చోటు నీకు తెలుసు. చిన్నప్పుడు అటువైపు లారీ వెళ్తుంటే తల దించుకుని కూర్చునేవాళ్ళం. గుండ్రటి గుడిసెలు ఓ నలభై ఉన్నాయి. ఆమెకు చివరిది ఇచ్చారు. కప్పు మీద గడ్డి పలచగా ఉంది.

ఊళ్ళో అనుకున్నారు. ఒకరికి కల వచ్చింది. పెద్దలు కూర్చున్నారు. ఇమాముగారు ఇదంతా పాపమన్నారు, అయినా కూర్చున్నారు. తర్వాత అందరూ కలిసి కుర్గుండిలో నేలకు పూజచేసే తిందానా దగ్గరికి తీసుకెళ్ళారు. అత్త తన కోడిని తనే చంకలో పెట్టుకుని వచ్చింది. నువ్వు పోయినసారి వచ్చినప్పుడు ఆమె పెంచుతున్న తెల్లదే. దారిలో దానికి నీళ్ళు తాగించింది. తిందానా గొంతు కోసి వదిలాడు. కోడి రెండుసార్లు ఎగిరింది, గుండ్రంగా తిరిగింది, రొమ్ము నేలకు ఆనించి బోర్లా పడి చచ్చింది. వెల్లకిలా పడితే అత్త ఇంటికి వచ్చేది.

అత్త ఏడవలేదు. "అయితే మా కుండలు ఎవరైనా తెచ్చిపెట్టండి నాయనా, వెన్న తియ్యకుండా నేనుండలేను" అంది. ఒకసారి నా వైపు చూసింది.

ఇప్పుడు పిల్లలెవరూ పోవడం లేదు. వానలు మొదలయ్యేట్టున్నాయి.

సనాతు


నీమా, అక్రా
ఏప్రిల్ 12

సనాతూ,

నీ ఉత్తరం అందిన రోజున అన్నం సయించలేదు. ఇవాళ కోపంతో రాస్తున్నాను. మెత్తగా రాయడం నాకు చేతకావడం లేదు.

అరవై ఏళ్ళు దాటిన మనిషిని పలచటి గడ్డికప్పు కింద వదిలి వచ్చి, వానలు వచ్చేట్టున్నాయని రాస్తావా? "ఊళ్ళో అనుకున్నారు." ఊరికి నోరుందా? "ఒకరికి కల వచ్చింది." ఆ ఒకరికి పేరు లేదా? జెనాబు ఆవలించినా పేరు పెట్టి రాసే దానివి, ఈ ఉత్తరంలో మనుషుల్నందరినీ ఎక్కడ దాచావు?

నేను బస్తీలో ఉన్నంత మాత్రాన మన ఆచారాలు మరిచిపోలేదు. తిందానా దగ్గర ఒక్క కోడి కోయరు. నింద పడ్డవాళ్ళు ఒకటి తెస్తారు, నింద వేసినవాళ్ళు ఒకటి తెస్తారు. నీ ఉత్తరంలో అత్త కోడి ఉంది. దాని రంగు రాశావు, దారిలో నీళ్ళు తాగిందని కూడా రాశావు. రెండో కోడి ఊసే లేదు. ఎందుకు లేదు?

రెండో కోడి ఎవరిది సనాతూ?

నేను రేడియోలో ఏదో వాగి ఉండొచ్చు. దానికి పెద్దలు నన్ను అడగాలి, నిన్ను అడగాలి. నువ్వు లేచి "ఆ చెయ్యి వెన్న కాచేటప్పుడు కాలింది, నేను పక్కనే ఉన్నాను" అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా! అన్నావా? నీ జవాబు వచ్చేదాకా ఇంకెవరికీ ఏమీ రాయను.

నపారి


జోయిలి
ఏప్రిల్ 23

అన్నా,

నాదే.

ఎర్ర పుంజు. మా ఆయన మహమా దాన్ని పండక్కి ఉంచుకున్నాడు. అది వెల్లకిలా పడింది, కాళ్ళు రెండూ ఆకాశానికి. నేను చెప్పింది నిజమని తేల్చారు.

కల నాకే వచ్చింది. వుంపిని పోయిన నలభయ్యో రోజు దాటాక, మిట్టమధ్యాహ్నం గోడ నీడలో కునుకు పట్టింది. అత్త వాకిలి దాటి వెళ్తోంది. ఎడమ చేతిలో లాంతరు, దానికి ఎర్రగుడ్డ. కుడి చేతిలో సొరబుర్ర. "ఎక్కడికి అత్తా?" అంటే "ఆకలేస్తోందంటున్నారే, ఏం చెయ్యమంటావు?" అంది. సొరబుర్రలో వుంపిని ఏడుపు వినిపించింది. నేను అరుస్తూ లేచేసరికి అత్తే పరుగున వచ్చి నా వీపు నిమిరింది. ఆ చేతిని తోసేశాను.

అయినా వెంటనే ఎవరికీ చెప్పలేదు. నన్ను నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం. కల వచ్చింది ముందు, నీ ఉత్తరం వచ్చింది తర్వాత. మధ్యలో నాలుగు రోజులు మింగలేక కక్కలేక ఉన్నాను. ఇద్రిసు లారీ మోత వినగానే చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తాను. "కాదు సనాతూ, అంతా నేను అల్లాను" అని రాసి ఉంటావనుకున్నాను. నువ్వేం రాశావు? నిజానికి బట్టలు కట్టానన్నావు. అల్లానని ఎవరితోనూ చెప్పొద్దన్నావు! నీకు పుస్తకం మీద బెంగ, నాకు బిడ్డ మీద బెంగ. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆ సాయంత్రమే మహమాకు చెప్పాను.

నీకు రాయనిది ఇంకొకటి ఉంది. నాకు ఐదో నెల. అత్తే ముందు కనిపెట్టింది, పొద్దున్నే నా మొహం చూసి. ఇప్పుడు చెప్పు, నేనేం చెయ్యాల్సింది? లోపల ఉన్నదాన్ని కూడా పుట్టకు పంపాల్సిందా? ఆ చేత్తో తినిపించిన ముద్దలే తిని పెరిగాను నేను. ఆమె మీద అనుమానం వచ్చిన నాటి నుంచి నాకు ఏ తిండీ రుచించడం లేదు.

ఇంకా కోపంగా ఉంటే రాయి, చదువుతాను. లేకపోతే ఇప్పటికైనా ఆ ఒక్క మాట రాయి.

సనాతు


తమాలె, లారీల అడ్డా
మే 9

చెల్లీ,

కాదు.

కాదు, కాదు, కాదు. అత్తను నేనెప్పుడూ పుట్ట దగ్గర చూడలేదు. మన ఇంట్లో నేను ఏమీ చూడలేదు. మచ్చ ఎలా వచ్చిందో నీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. మూడు ముద్దలు పెట్టి ఆమె పిలిచేది మన నాన్నను, ఇద్దరు చిన్నాన్నలను. తలుపు సందులోంచి చూసి, బాగుందనుకుని, దొంగిలించి ముసలిదాని చేతికిచ్చాను. మెడ వెనక్కి తిరగడం నా చిన్నప్పుడు చనిపోయిన ఒక స్నేహితుడి దగ్గర చూసింది. ఎర్రగుడ్డ లాంతరు నేను నీమాలో పుట్టించాను. కరెంటు పోయిన రోజున కింద వాటాలో ఆవిడ పసిబిడ్డ కళ్ళకు వెలుతురు తగలకుండా లాంతరుకు ఎర్ర పైట చుట్టింది. అది చూసి రాసుకున్నాను. నీ కలలో ఆ లాంతరు ఉందంటే నువ్వు చూసింది అత్తను కాదు, నా పుస్తకాన్ని. రేడియోలో మాత్రం అబద్ధం చెప్పాను. అతను మైకు పెట్టి "కల్పనేనా?" అని తేలిగ్గా అడిగేసరికి పౌరుషం వచ్చింది. ఈ సంగతంతా రేడియో వాళ్ళకు రాశాను. నాలుగు శుక్రవారాలు కథ చదివారు, ఈ ఉత్తరం ఒక్కసారి చదవమన్నాను. ఇంకా జవాబు లేదు. బడి పుస్తకాల సంఘానికి కూడా రాశాను.

మూడు రోజుల కిందట కుర్గుండి వెళ్ళాను. జోయిలి మీదుగానే వెళ్ళాలి, అయినా దిగలేదు. నీ మొహం చూసే ధైర్యం చాల్లేదు.

తిందానాకు మొత్తం చెప్పాను. ఆయన వక్క నములుతూ విన్నాడు. "నీ పుస్తకం సంగతి నాకు తెలీదయ్యా. కోడి పుస్తకాలు చదవదు. ఆమెను తీసుకుపోతానంటే మాత్రం నేను అడ్డుపడను. నన్ను కాదు, ఆమెనడుగు" అన్నాడు.

అత్త గుడిసె ముందు వెన్న చిలుకుతోంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి, "వచ్చావా కథల మారీ! పట్నం నీళ్ళు ఒంటబట్టినట్టున్నాయే, బుగ్గలొచ్చాయి" అంది. నేను కాళ్ళు పట్టుకుని అంతా చెప్పాను. లాంతరు సంగతి వచ్చేసరికి పడీ పడీ నవ్వింది. "మధ్యాహ్నం పూట లాంతరెందుకురా? బుద్ధున్న మంత్రగత్తె ఎవతైనా పట్టుకెళ్తుందా?" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే లే అత్తా, ఇంటికి పోదాం" అన్నాను.

లేవలేదు. చేతులకంటిన వెన్న మెల్లగా తుడుచుకుంది. తర్వాత ఆమె అన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. నాకిక అలంకారాల మీద మోజు పోయింది.

"నువ్వు అబద్ధాలాడతావని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసురా. గినీకోడి గుడ్లు తిని పాము మీద పెట్టేవాడివి. నీ మాట మీద నేను ఇల్లూ వదల్లేదు, నీ మాట మీద తిరిగీ రాను. సనాతు చూసింది. అది నా దగ్గర ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. కుండ పగలగొడితే పెంకులు తెచ్చి చేతిలో పెట్టేది. అది నన్ను చూశానందంటే, నేను వెళ్ళే ఉంటాను. నిద్రలో మనిషి లోపలిది లేచి ఎక్కడికి పోతుందో మనకేం తెలుసు? నాకు తెలీకుండానే వెళ్ళుంటాను. వుంపినిని... నాకు తెలీదురా. దానికి చెప్పు, తెలిసి చెయ్యలేదని."

"అత్తా, అది కల! నా కథే దానికి కల్లోకి వచ్చింది!"

"నీకు తెలుసా? నువ్వు చూశావా దాని కల?" అంది. "ఇక్కడి శుద్ధి నీళ్ళు తాగించారు, ఇప్పుడు నా వల్ల ఎవరికీ భయం లేదంటున్నారు. అయినా దాని కడుపు పండి, ఆ బిడ్డ లేచి నడిచేదాకా నేను ఆ గడప తొక్కను. దానికి ఎందుకు బెంగ?" అని మళ్ళీ చిలకడం మొదలుపెట్టింది.

సనాతూ, నేను చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. గుడిసె మీద రెండు రోజులు కూర్చుని కప్పుకు గడ్డి కట్టి వచ్చాను. అంతకన్నా నాకు చేతనైంది లేదు. ఆమె ఊరికి కాదు, కోడికి కాదు, నీకు కట్టుబడి అక్కడ కూర్చుంది.

నపారి


జోయిలి
మే 16

అన్నా,

నీ ఉత్తరం ఇద్రిసు పొద్దున ఇచ్చాడు. చదివి మహమాకు కూడా వినిపించాను. వుంపిని పోయిన నాటి నుంచి ఆయన నా ముందు ఏడవలేదు. ఇవాళ ఏడ్చాడు.

నీ లాంతరు సంగతి నేను నమ్మాను. నీ మీద కోపం పోయిందని మాత్రం అనుకోకు, అది ఎప్పటికైనా పోతుందో లేదో నాకు తెలియదు. నా మీద నాకున్నది అంతకన్నా ఎక్కువ. పరుగున వచ్చి వీపు నిమిరిన చేతిని తోసేశాను కదా, నాకు అస్తమానం అదే గుర్తొస్తోంది.

అత్త అన్న మాటల గురించి రోజంతా ఆలోచించాను. నాకు కల వచ్చింది నిజం. అది నీ పుస్తకం నుంచి వచ్చిందని నేను వెళ్ళి చెప్పినా, "వచ్చింది కదే!" అంటుంది. వచ్చిన కల వచ్చినట్టే ఉన్నంతకాలం ఆమె ఆ గుడిసె వదలదు. కాబట్టి కల రాలేదని చెప్పడానికి వెళ్తున్నాను. బిడ్డ పోయిన దుఃఖంలో ఎవరి మీద పడాలో తెలియక అల్లి చెప్పానని, ఊరి పెద్దల ముందు, తిందానా ముందు, ఆమె ముందు చెప్తాను.

మహమా అన్నాడు, "తప్పుడు నింద వేసిన మనిషిని ఊళ్ళో ఉండనివ్వరు, తెలుసుగా?"

"తెలుసు."

"నీ కోడి వెల్లకిలా పడింది. అబద్ధమాడానంటే నేల అబద్ధమాడిందని అన్నట్టే. తిందానా ఊరుకుంటాడా?"

"ఊరుకోకపోతే మానె."

మహమా లేచి వెళ్ళి సైకిలుకు గాలి కొట్టుకొచ్చాడు, ఈ కడుపుతో నేను అంతదూరం నడవకూడదట. పంట చేతికొచ్చేదాకా తను ఇక్కడే ఉండి, తర్వాత వస్తానన్నాడు. నీమాలో నీ గది ఎంతుంటుందో నాకు తెలియదు. నాకూ, అత్తకూ, పుట్టబోయేదానికీ చోటు చెయ్యి. అత్త వెన్న కుండలు వదిలి రాదు, వాటికీ చెయ్యి. పురుడు ఆమె చేతుల మీదుగానే జరగాలి.

నాకు భయంగా ఉంది అన్నా. ఊరి గురించి కాదు. ఆమె ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూస్తూ, కలే రాలేదని చెప్పాలి. ఒక్కసారి చెప్తే చాలు. నేనేం చెప్పినా ఆమె నమ్ముతుంది.

సనాతు